భాషకు సరిహద్దు ఏది?

ఉద్యోగము చాలించుకొన్న పిదప మేము దంపతులము గత సంవత్సరము దక్షిణ అమెరికా ఖండమునకు పోయి, పెరూ, బొలీవియా, అర్జెంటీనా, పరాగ్వే దేశములలో నలుబది దినములు తిరిగి వచ్చితిమి. ఆ ఖండమున కాలుమోపిన తరువాత ఒక దేశమునుండి ఇంకొక దేశమునకు విమానములో పోలేదు. మా సంచిలోని సొమ్ము అందుకు చాలదు. రాత్రులు బస్సులలోనే నిద్రించి బసఖర్చు తగ్గించుకొంటిమి. మధ్యాహ్నములు సంతలలో, మూటకూలీలు కూర్చుండు బల్లలమీద కూర్చుండి భోజనము చేసితిమి. ఇట్లు తిరుగువారు ప్రసిద్ధములైన కట్టడములను కొన్నిటిని చూడలేకపోవచ్చును గాని, దేశమునకు దేశమునకు నడుమ గీచిన గీతను మాత్రము కాలినడకను దాటుదురు. విమానమున పోవువారికి ఆ గీత కనబడనే కనబడదు. బస్సులో పోవువారికి అదియే ప్రయాణమునందలి ముఖ్యఘట్టము. ఆ గీతలవద్ద మేము చూచినదియు, దానివలన మాకు కలిగిన అభిప్రాయమును పాఠకులకు విన్నవించుకొందుము.

మన దేశమున 1953లో ఆంధ్రరాష్ట్రమును, 1956లో మరికొన్ని రాష్ట్రములును భాషనుబట్టి ఏర్పడినవి. ఆ గీతలకు ఆవల ఉండిపోయినవారము మనము. అందుచేత భాష ఎక్కడ మారునో అక్కడనే గీత యుండునని మన మనస్సులలో నాటుకొని యున్నది. ఆ ఖండమున సంగతి వేరు. అచ్చట స్పానిష్ అధికారభాషగా గల దేశములు తొమ్మిది. పెరూలో నేర్చుకొన్న నాలుగు మాటలతో అర్జెంటీనా దక్షిణపు కొసవరకు పోవచ్చును. అయినను ఆ తొమ్మిది దేశములకు తొమ్మిది జెండాలు, తొమ్మిది సైన్యములు. అవి తమలో తాము యుద్ధములును చేసినవి. 1879లో మొదలైన యుద్ధమున బొలీవియా తన సముద్రతీరమునంతయు చిలీకి కోల్పోయెను. సముద్రము లేని ఆ దేశము నేటికిని నౌకాదళమును పోషించుచు, ఏటేట మార్చి 23వ తేదీన సముద్రదినము జరుపుకొనుచున్నది. భాష ఒక్కటైనంతమాత్రమున మనుష్యులు ఒక్కటి కారని దీనివలన తెలియుచున్నది.

అయితే ఆ గీతలు గీచినవారి భాష స్పానిష్. అవి ఎవరి భాషలమీదుగా పోయినవో వారి సంగతియే మేము ముఖ్యముగా చెప్పదలచినది.

మా ప్రయాణము పెరూలోని కుస్కో నగరమున ఆరంభమైనది. ఇంకా రాజులకు రాజధానియైన ఆ నగరమున కెచువా భాష నేటికిని సంతలో వినబడును. ఆ భాషకు వ్యాకరణము 1560లోనే అచ్చుపడినది. అచ్చువేయించినవాడు స్పెయిను దేశపు మతగురువు. మతబోధకు భాష కావలసియుండెను గనుక తొలుత దానిని ఆదరించిరి. తరువాత, 1780లో తూపాక్ అమారు నాయకత్వమున తిరుగుబాటు జరిగినది. 1781 మే నెలలో ఆయనను కుస్కో నగరపు నడిబొడ్డున చంపించిరి. ఆ మరణశిక్ష విధించిన తీర్పులోనే ప్రజలు కెచువాను విడిచి స్పానిష్ నేర్వవలెనని గూడ శాసించిరి. మనిషిని చంపిన తీర్పుతోనే భాషనుగూడ చంపదలచిరన్నమాట. మనిషి పోయెను. భాష పోలేదు. 1975లో పెరూ ప్రభుత్వము కెచువాను అధికారభాషగా ప్రకటించినది. 2017 నాటి జనాభా లెక్కలలో సుమారు 37 లక్షలమంది తమ మాతృభాష కెచువా అని చెప్పుకొనిరి. అయినను మేము బసచేసిన ఇంటి యజమానురాలు తన తల్లితో కెచువాలోను, బిడ్డలతో స్పానిష్‌లోను మాటాడుచుండెను. కారణమడుగగా, బడిలో బిడ్డలను నవ్వులపాలు చేయుదురని చెప్పెను. రెండు వందల యేండ్లకు పైబడిన రాజశాసనము చేయలేని పనిని తోటిపిల్లల నవ్వు చేయుచున్నది.

కుస్కోనుండి పూనో చేరి, అక్కడినుండి టిటికాకా సరస్సు ఒడ్డున బొలీవియావైపు బయలుదేరితిమి. ఆ సరస్సు సముద్రమట్టమునకు 12,500 అడుగుల ఎత్తున నున్నది. నాలుగడుగులు వేసిన ఆయాసము వచ్చును. ఆ దారిలో ఒక బస్సునిలయమున మాకొక చిక్కు సంభవించినది. టిక్కెట్టు ఖరీదు గాక, నిలయమును వాడుకొన్నందులకు వేరుగా చిన్న రుసుము చెల్లింపవలెనట. మేమెరుగక బస్సులో కూర్చుంటిమి. తనిఖీ చేయువాడు వచ్చి మమ్ము దింపివేసెను. రుసుము కట్టుగది ఆ కొసన నున్నది. బస్సు కదలుటకు సిద్ధముగ నున్నది. అప్పుడు మా ప్రక్కన మనుమనితో కూర్చుండియున్న ఒక అవ్వ లేచి, డ్రైవరును ఉద్దేశించి నాలుగు మాటలు గట్టిగా పలికెను. అది స్పానిష్ కాదు. అంతవరకు అందరితోను స్పానిష్‌లో కసరుకొనుచున్న ఆ డ్రైవరు తలవంచి, ఆమె భాషలోనే మెల్లగా బదులుచెప్పి, మేము తిరిగివచ్చువరకు బస్సును నిలిపియుంచెను. ఆ భాష ఐమారా.

తరువాత దారిలో మా శ్రీమతియు ఆ అవ్వయు వేయించిన వేరుసెనగపప్పు పంచుకొనిరి. ఇద్దరికిని ఉమ్మడి భాష లేదు గనుక సైగలతోనే సంభాషణ జరిగెను. హూలి అను ఊరు వచ్చినది. చిన్న ఊరే గాని అందున్న పాతచర్చీలు గొప్పవి. ఐమారా భాషకు మతగురువులు కూర్చిన పెద్ద నిఘంటువు 1612లో ఈ ఊరనే అచ్చుపడినది. ఆ సంగతి మాకు తెలిసియుండుటచే కొంత ఉత్సాహముతో కిటికీలోనుండి చూచుచుంటిమి. ఇంతలో అవ్వ మనుమని ఏదో అడిగెను, ఐమారాలో. బాలుడు స్పానిష్‌లో బదులిచ్చెను. ఆమె మరల ఐమారాలో అడిగెను. అతడు మరల స్పానిష్‌లోనే చెప్పెను. ఇద్దరికిని ఒకరిమాట ఒకరికి చక్కగా తెలిసినది. జగడము లేదు, విసుగు లేదు. నాలుగు వందల యేండ్ల నాటి నిఘంటువు అచ్చుపడిన ఊరిగుండా పోవుచు, ఆ భాష ఒక తరమునుండి ఇంకొక తరమునకు చేరకుండ ఆగిపోవుటను మేము కన్నులార చూచితిమి. పాఠకులు చాలమంది ఇట్టి సంభాషణ తమ ఇండ్లలోనే వినియుందురు గనుక ఎక్కువ వివరింపనక్కరలేదు.

సరిహద్దు వచ్చినది. కసానీ అను తావున బస్సు దిగి, పెరూ కచ్చేరిలో ఒక ముద్ర వేయించుకొని, చిన్న మిట్ట ఎక్కి, తోరణముక్రిందుగా నడచి, బొలీవియా కచ్చేరిలో ఇంకొక ముద్ర వేయించుకొంటిమి. గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పుకొంటిమి. సోల్ నాణెములు పోయి బొలీవియానోలు వచ్చినవి. మారినది అంతమాత్రమే. ఈవల సంతలో గుండ్రని టోపీ, రంగుల దుప్పటి ధరించిన స్త్రీలు ఏ భాష మాటాడుచుండిరో ఆవలను అదే దుస్తులతో అదే భాష మాటాడుచుండిరి. ఐమారావారికి ఆ గీత నిన్నమొన్నటిది. సరస్సు అనాదినుండి యున్నది. అవతలి ఊరు కోపకబానా. బ్రెజిల్‌లోని ప్రసిద్ధమైన సముద్రపుటొడ్డునకు ఆ పేరు ఇక్కడి మేరీమాత ఆలయమునుండియే పోయినది. పేర్లుకూడ మనుష్యులవలెనే వలసపోవునని సంతోషించితిమి. అటుపైని తికీనా జలసంధి వద్ద ప్రయాణికులను చిన్నపడవలోను, బస్సును కొయ్యబల్లకట్టుమీదను దాటించిరి. మేము ఒడ్డున నిలిచి, మా సామానులతో గూడ ఆ బస్సు అలలమీద ఊగుచు వచ్చుటను గుండె చేతబట్టుకొని చూచితిమి.

ఈ దృశ్యము చూచినప్పుడు యానాము మాకు జ్ఞప్తికి వచ్చినది. 1954 వరకు ఆ ఊరు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. చుట్టును వేరొక రాజ్యము, నడుమ ఫ్రెంచి జెండా. అయినను ఇరుప్రక్కలను తెలుగు తెలుగుగనే యుండెను. రాజ్యపు గీత భాషను చంపదు. గీతకు ఇరువైపులను ఆ భాషతో అవసరమున్నంతవరకు అది బ్రదుకును.

బొలీవియా 2009 నాటి రాజ్యాంగములో స్పానిష్‌తో పాటు 36 ఆదివాసి భాషలను అధికారభాషలుగా పేర్కొనినది. ప్రభుత్వోద్యోగులకు రెండు అధికారభాషలు రావలెనని గూడ అందు వ్రాసిరి. ఇది సామాన్యమైన పని కాదు. తన భాష నేరము కాదని, దానికి రాజ్యమున పీఠము కలదని ఒక రైతుబిడ్డకు చెప్పుట ఎంతటి ఉపకారమో అల్పసంఖ్యాకులకు తెలిసినట్లు ఇతరులకు తెలియదు. కాని లాపాజ్ నగరమున మేము చూచిన దుకాణపు పలకలు దాదాపు అన్నియు స్పానిష్‌లోనే యుండినవి. సంతలో వేరుసెనగపప్పు నూరి కాచిన చారు పోయుచు వంటావిడ తన ఈడువారితో ఐమారా మాటాడుచుండెను; పింగాణీలు కడుగుచున్న కూతురు స్పానిష్ పాట పాడుకొనుచుండెను. (మన సీమవారు పండించు వేరుసెనగకు పుట్టినిల్లు ఆ ప్రాంతమే యని తెలిసినప్పుడు ఆ చారు మాకు మరింత రుచించినది.) శాసనము పీఠము వేయగలదు. కూర్చుండవలసినవారు ఇంటినుండి రావలెను.

బొలీవియా దక్షిణపు టంచున విల్యసోన్ అను ఊరు, వంతెన దాటిన అర్జెంటీనాలోని లా కియాకా. ఆ దేశపు దక్షిణపు కొసనున్న ఉషువాయా నగరము 5,121 కిలోమీటర్ల దూరమున నున్నదని అచ్చట ఒక పలక చెప్పుచున్నది. యాత్రికులు దానిముందు నిలిచి ఫోటోలు తీయించుకొందురు. మేమును తీయించుకొంటిమి. ఆ ప్రక్కనే స్త్రీలు, పురుషులు తమకన్న పెద్దవైన మూటలను వీపున మోయుచు వంతెనకు ఇటునుండి అటు పరుగెత్తుచుండిరి. మూటకు ఇంతయని కూలి. అది చూచినప్పుడు మా బీదప్రయాణమును గూర్చి మాకుండిన గర్వము కొంత తగ్గినది. మేము ఖర్చు తగ్గించుకొన్నది ముచ్చటకు. వారు సరిహద్దు దాటుచున్నది కూటికి. ఆవలి నగరములకు పనికై శాశ్వతముగ పోవు బొలీవియావారు ఎందరో కలరు. ఉచ్చారణనుబట్టి గుర్తించి హేళన చేయుదురని, వారు ముందు తమ మాటను దాచుకొనుట నేర్తురని మాతో ప్రయాణించిన ఒక పంతులమ్మ చెప్పెను. తాత ముత్తాతలు మగ్గము భుజాన వేసుకొని షోలాపురమునకో, కాడి కట్టుకొని తమిళదేశపు నల్లరేగడికో వలసపోయిన కుటుంబములవారము మనము. ఆ మాట మాకు క్రొత్త కాలేదు.

అర్జెంటీనా ఉత్తరభాగమున పడమటినుండి తూర్పునకు ఒక రాత్రియు ఒక పగలును బస్సులో పోయి, పరానా నది చేరితిమి. అచ్చటి కొర్రియెంతెస్ రాష్ట్రమున 2004లో గ్వారనీ భాషకు అధికారస్థానమిచ్చిరి. పొసాదాస్ నగరమున నదిమీది వంతెన దాటి, పరాగ్వేలోని ఎన్కార్నసియోన్ ప్రవేశించితిమి. ఆ దేశపు నాణెము పేరుకూడ గ్వారనీయే.

ఎన్కార్నసియోన్ సంతలో మేము చూచినది మునుపెన్నడు చూడనిది. ఆ ప్రాంతమున జర్మనులు, ఉక్రేనియనులు మున్నగువారి సంతతి చాల కలదు. పిల్లికన్నులు, పచ్చనిజుట్టు గల ఒక దుకాణదారు పుచ్చకాయలు అమ్ముచు, కొనవచ్చినవారితో గ్వారనీలో హాస్యములాడుచుండెను. వారందరును నవ్వుచుండిరి, భాషను చూచి కాదు, హాస్యమునకు. పెరూలో గాని బొలీవియాలో గాని స్థానికుల భాషను పరజాతివారు సంతలో ఇంత సహజముగ మాటాడుట మేము చూడలేదు. అమెరికా ఖండములయందు ఆదివాసుల భాషను ఆదివాసులు కానివారే అత్యధికులు మాటాడు దేశము పరాగ్వే.

ఇది ఎట్లు సాధ్యమైనది? మొదట వచ్చిన స్పెయినువారు గ్వారనీ స్త్రీలతో కాపురములు చేసిరి. బిడ్డలు తల్లిమాట నేర్చిరి. జెసూయిటు గురువులు తమ ఆశ్రమగ్రామములలో గ్వారనీయే వాడిరి. రూయిజ్ దె మొంతోయా కూర్చిన నిఘంటువు 1639లో వెలువడినది. 1767లో ఆ గురువులను దేశమునుండి వెళ్లగొట్టిరి; వారి గ్రామముల ఎర్రరాతి గోడలు ఎన్కార్నసియోన్ దగ్గర త్రినిదాద్‌లో నేటికిని నిలిచియున్నవి. 1864 మొదలు 1870 వరకు మూడు దేశములతో జరిగిన యుద్ధమున పరాగ్వే ప్రజలలో చాలమంది నశించిరి. మిగిలిన తల్లులు భాషను మిగిల్చిరి. ఆ తరువాతి కాలమున బడులలో గ్వారనీ పలికిన పిల్లలను దండించిరి. ఇంతలో 1932లో బొలీవియాతో యుద్ధము వచ్చినది. శత్రువులకు తెలియకుండ వార్తలు పంపుకొనుటకు సైన్యమునకు అదే గ్వారనీ అక్కరకు వచ్చినది. బడిలో బెత్తము తిన్న భాష యుద్ధమున దేశమును కాచినది. 1992 రాజ్యాంగము దానిని స్పానిష్‌తో సమానముగ అధికారభాషగ అంగీకరించినది. 2010లో భాషాచట్టము వచ్చినది. గమనింపవలసినదేమనగా, శాసనము చివరకు వచ్చినది. అంతవరకు మూడు వందల యేండ్లకు పైగా దానిని మోసినది వంటిల్లు.

అచ్చటను అంతయు బంగారమని చెప్పము. రాజధానియైన అసున్సియోన్‌లో పిల్లల నోట స్పానిష్ పెరుగుచున్నది. చాలమంది రెండుభాషలను కలిపి మాటాడుదురు. ఆ మిశ్రభాషకు హొపారా అని పేరే పెట్టుకొనిరి. బడిలో నేర్పు పుస్తకపు గ్వారనీ ఇంటి గ్వారనీవలె లేదని ఒక తండ్రి మాతో గొణిగెను. అన్నిటికన్న మా మనస్సును కలచినది వేరొకటి. బస్సునిలయము మెట్లమీద గ్వారనీ ఆదివాసి స్త్రీలు బిడ్డలతో కూర్చుండి వెదురుబుట్టలు అమ్ముచుండిరి. దేశమంతయు ఎవరి భాష మాటాడుచున్నదో వారు మెట్లమీద నున్నారు. భాషకు గౌరవము వచ్చినంతమాత్రమున దాని తొలిబిడ్డలకు అన్నము రాదు. ఈ రెండింటికిని వేర్వేరుగ పాటుపడవలెను.

ఇక మా అభిప్రాయము. మన స్థితియు వారి స్థితియు ఒక్కటి కాదు. తెలుగు మాటాడువారు 2011 లెక్కల ప్రకారము మన దేశమున 8 కోట్లకు పైగా కలరు. రెండు రాష్ట్రములలో అది రాజభాష. మనలను ఎవరును మరణశాసనముతో మాట మానుమనలేదు. ప్రాథమికదశలో మాతృభాషలో బోధించుటకు వసతులు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగమునందలి 350-ఏ అధికరణము 1956నుండియు చెప్పుచున్నది. ఆ హక్కునకై మహజరులు పంపుట, పంతుళ్లనడుగుట, పుస్తకములనడుగుట మానరాదు. పీఠము లేనిచోట కూర్చుండలేము. కాని పీఠమునకై పోరాడి ఇంటికి వచ్చి, బిడ్డతో బడిభాషలో మాటాడినచో ఆ పోరాటము ఎవరికొరకు?

మన పిల్లలు తెలుగు పలుకకుండుటకు మొదటి కారణము ఇరుగుపొరుగువారు కారు. సెలవులకు విజయవాడకో హైదరాబాదునకో పోయినప్పుడు మన బంధువులే “ఇదేమి తెలుగు?” అని నవ్వుదురు. ఇంట మనమును ప్రతిమాటకు తప్పుపట్టుదుము. రెండువైపుల దెబ్బతిన్న పిల్లవాడు తనకు నవ్వు తెప్పించని భాషలో బదులుచెప్పును. కుస్కోలోని గృహిణి భయపడినదియు ఈ నవ్వునకే. పరాగ్వేవారు కలగాపులగముగ మాటాడుదురు. అయినను మాటాడుదురు గనుక వారి భాష బ్రదికియున్నది. పిల్లల తెలుగులో అరవమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో కలిసినచో కలియనిండు. మొదట మాట రానిండు. దిద్దుట తరువాత చూచుకొనవచ్చును. హోసూరు తెలుగు హోసూరుది, బరంపురము తెలుగు బరంపురముది. అవి తప్పు తెలుగులు కావు, తరములుగా నిలిచిన తెలుగులు.

ఇది పరులకు బోధించుటకు మాకుగల అర్హత స్వల్పము. మేము ఇల్లు చేరిన సాయంకాలము మా మనుమరాలు ఎదురువచ్చి, తనకేమి తెచ్చితిమని తమిళములో అడిగినది. మేమును తమిళములోనే చెప్పబోయితిమి. ఏండ్లతరబడి అట్లే చేయుచుంటిమి, అది సులభము గనుక. అప్పుడు హూలి ఊరిగుండా పోయిన ఆ బస్సు తలపునకు వచ్చినది. ఆ అవ్వ రెండవసారియు తన భాషలోనే అడిగినది. మేము అంతమాత్రము గూడ చేయలేదు. సంచిలోనుండి ఉన్నిటోపీ తీసి ఇచ్చుచు తెలుగులో చెప్పితిమి. బాలిక వింతగా చూచి, కొంచెము తడబడి, సగము తెలుగున సగము తమిళమున, అది ఏ ఊరిదని అడిగినది.

ఆ సగమును మేము దిద్దలేదు. ఊరిపేరు చెప్పి, ఆమె అడిగిన తక్కిన ప్రశ్నలన్నిటికిని తెలుగులోనే ఓపికగా సమాధానములు చెప్పితిమి.